టార్పీల నల్లదిబ్బ

జేసీబీ తన వెడల్పాటి తొట్టితో తుంగను వేళ్లతో సహా ఒలిచి పక్కన పడేసేసరికి అడుగున నల్లమట్టి బయటపడింది. రేగడి నలుపు కాదు, ఏళ్ల తరబడి దులపని పొగగొట్టం లోపలి నలుపు. అందులో కుప్పలు తెప్పలుగా రాళ్లు. ఒక్కటీ నిండు రాయి కాదు, అన్నీ నిప్పుకు పగిలి పెచ్చులైనవే. గేటు దగ్గర టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడిన డీలియా టార్పీ చూపు పక్కకు తిప్పుకుంది. కోడలిగా ఈ ఇంట అడుగుపెట్టిన నాటి నుంచి ఈ మసి గురించి వింటూనే ఉంది. ఇంత నిండుగా కంటపడటం మాత్రం ఇదే మొదలు.

కొత్త రోడ్డు వాళ్ల బాడవ పొలం మీదుగా పోతోంది. భూమి ప్రభుత్వం తీసేసుకుంది. తారు పోసే ముందు అడుగున పాతకాలపు ఆనవాళ్లేమైనా ఉంటే తవ్వి చూడాలి. అందుకే ఊనా అనే కెర్రీ జిల్లా అమ్మాయి ఓ చిన్న గుంపును వెంటబెట్టుకుని వచ్చి, అక్టోబరు వానలో పసుపు కోటు తొడుక్కుని మోకాళ్ల మీద కూర్చుంది. రోజూ పొద్దున్నే పంపు పెట్టి నీళ్లు తోడేవాళ్లు. మధ్యాహ్నానికి మళ్లీ ఊరేవి. పంపుకీ బాడవకీ జరిగే ఆ పందెంలో ఇప్పటిదాకా బాడవదే పైచేయి.

డీలియా కప్పుల్లో టీ పోస్తూ, ఏదో వాతావరణం గురించి అడిగినట్టు అడిగింది.

"ఇది ఇల్లు కాలిన మసేనా అమ్మాయ్?"

"ఇల్లా?" ఊనా తాపీని మట్టిలో గుచ్చి లేచింది. "ఇంటిది కాదండీ, వంటది. రాళ్లు నిప్పుల్లో ఎర్రగా కాల్చేవాళ్లు. తీసుకెళ్లి నీళ్ల తొట్టిలో పడేసేవాళ్లు. నీళ్లు మరిగేవి. పగిలిపోయిన రాళ్లని పక్కన పారేసేవాళ్లు. అలా పారేసి పారేసి దిబ్బయింది. మన ప్రాంతంలో బాడవ ఉన్నచోటల్లా ఉంటాయివి."

"నీళ్లు దేనికి మరగబెట్టేవాళ్లో?"

"మాంసం ఉడికించడానికని ఒకరంటారు, స్నానాలకని ఒకరు, తోళ్లు నానబెట్టడానికని ఇంకొకరు. పదిమంది తవ్వేవాళ్లని అడిగితే పదకొండు జవాబులొస్తాయి."

"ఎంత పాతది?"

"పోయినేడు ఇక్కడ చిన్న గుంట తీసి చూసినప్పుడు దొరికిన బొగ్గు పరీక్షకి పంపాం. నాలుగువేల ఏళ్లు, కాస్త అటూ ఇటూగా."

డీలియా పక్కనున్న ఒంటిచక్రం బండి అంచు మీద చతికిలబడింది. కప్పులోని టీ గౌను మీద ఒలికినా చూసుకోలేదు. వంట్లో బాగాలేదేమోనని ఊనా కంగారుపడింది. అదేం లేదని, ఆ మాట ఇంకోసారి చెప్పమని అడిగింది డీలియా. ఊనా మళ్లీ చెప్పింది. చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"మరి శనివారం జనాన్ని పిలుస్తున్నారు కదా, చూపించడానికి. అప్పుడు ఇదే మాట గట్టిగా చెప్తావా? వెనకవాళ్లకి కూడా వినపడేలా?"

"చెప్పడానికేగా పిలిచేది," అంది ఊనా. ముసలామె ముఖం చూశాక, దీనివెనక ఏదో ఉందని అర్థమై, చేతి తొడుగులు విప్పి ఆమె పక్కనే కూర్చుంది. అప్పుడు చెప్పింది డీలియా.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. టార్పీల విషయంలో మసి కనపడ్డాక పొగ పుట్టింది. డీలియా భర్త ఫెస్టీకి తాతగారు ఈ బాడవలో కాలవ తవ్వించినప్పుడు మసీ, కాలిన రాళ్లూ పైకొచ్చాయి. అంతకు కొన్నేళ్ల ముందే పక్కింటి రువాన్ల పూర్వీకుణ్ణి, కౌలు కట్టలేదని భూస్వామి వెళ్లగొట్టాడు. ఆ నేలను, ఈ బాడవతో సహా, టార్పీలు తీసుకున్నారు. వెళ్లగొట్టినవాడి నేల పొరుగువాడు తీసుకోకూడదన్నది ఆ రోజుల్లో ఊరి కట్టుబాటు. అదే తప్పు. ఆపైన మసి కనపడేసరికి ఊరు రెండూ రెండూ కలిపి అయిదు చేసింది. రువాన్ల గుడిసెకు నిప్పంటించింది టార్పీలేనంది. టార్పీలేమో అసలక్కడ గుడిసే లేదన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా రాతిగోడకు అటూ ఇటూ ఉన్న రెండిళ్ల మధ్య పలకరింపు లేదు. మిగతా ఊరు పలకరించేది గానీ, చర్చి మెట్ల దగ్గర నలుగురూ చేరి నవ్వుకునేచోటికి ఫెస్టీ వస్తే నవ్వు ఆగిపోయేది.

అదంతా డీలియా ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది పోయిన ఫిబ్రవరిలో జరిగింది. ఆ చుట్టుపక్కల ఎవరు చనిపోయినా గొయ్యి తవ్వేది ఇరుగుపొరుగువాళ్లే. డబ్బు ముట్టరు, పిలిపించుకోరు, పారలతో వచ్చేస్తారు. మొదటి మట్టిపెళ్ల తీసేది గోడవతలి ఇంటివాడు. ఫెస్టీ పోయినప్పుడు గోడవతలి జార్లెత్ రువాన్ రాలేదు. అతను తీయని మొదటి పెళ్ల తాము తీయడమెలాగని మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే ఏదో పనుందని తప్పుకున్నారు. ఆఖరికి పట్నం నుంచి చిన్న యంత్రం వచ్చి తవ్విపోయింది. శ్మశానం గోడ పక్కన నిలబడి ఆ ఇంజను చప్పుడు వింది డీలియా. మురుగుగొట్టానికి తవ్వినట్టు తవ్వారు ఆయనకి అని చెప్పింది.

"నాకేం వద్దు," అంది. "ఈ మసి మాది కాదని ఊరందరి ముందూ ఒక్కసారి అనిపించుకుంటే చాలు. రోడ్డు పడ్డాక ఇక ఎవరికి చూపించను?"

మర్నాటి నుంచి డీలియాకు పొలమే ఇల్లయింది. సోడా రొట్టె, వెన్న, టీ ఇచ్చి వెళ్లిపోయే మనిషి కాస్తా ఉదయం నుంచి అక్కడే ఉండి చూస్తోంది. వాళ్లు మసిని పొరలు పొరలుగా గీకి బకెట్లలోకి ఎత్తేవారు, రాళ్లను పెద్దవీ చిన్నవీ వేరుచేసి తూచేవారు. దిబ్బ పక్క పల్లంలో నీలిబూడిద రంగు బంకమట్టిని తీస్తుంటే చెక్క తగిలింది. ఓక్ పలకలు, ఆ నీళ్ల తొట్టివి. నాలుగువేల ఏళ్ల నుంచి నీళ్లలో ఉండి, నిన్న కోసినట్టు తేనెరంగులో ఉన్నాయి. గాలి తగిలిన కాసేపటికే నల్లబడటం మొదలైంది. ఆరితే చీలిపోతాయని వాటి మీద తడి గోనెలు కప్పి, గంటగంటకూ నీళ్లు చల్లేవాళ్లు. ఆ పని డీలియా తీసుకుంది. పూలమొక్కలకు పోసే జల్లు డబ్బా ఇంటినుంచి తెచ్చుకుంది. పలకల సందుల్లో ఎవరో కుక్కిన నాచు ఇంకా ఆకుపచ్చగా ఉంది. బిడ్డ కింద గుడ్డ సర్దినట్టు సర్దారు చూడు అంది ఊనాతో. ఆ నాచు కుక్కిన మనిషి మీద ఆమెకు ఎక్కడలేని కృతజ్ఞత కలిగింది.

గోడవతల అప్పుడప్పుడూ ఒక పాత టోపీ కనిపించేది. జార్లెత్ రువాన్. పెళ్లీ పెటాకులూ లేని మనిషి, డీలియా కన్నా పెద్దవాడు. గొర్రెల్ని చూస్తున్నట్టు వచ్చి దిబ్బను చూసి వెళ్లేవాడు. ఏటా నవంబరులో చనిపోయినవాళ్లను తలచుకునే రోజున కూడా అలాగే వచ్చేవాడు. గోడకు అవతలే, టోపీ తీసి, తనవాళ్ల ఇంటి బూడిద అనుకున్న ఈ దిబ్బ వైపు తిరిగి ప్రార్థన చేసుకునేవాడు. ఒక్క అడుగు కూడా టార్పీల నేల మీద పెట్టేవాడు కాదు. వంటింటి కిటికీలోంచి అది చూసినప్పుడల్లా డీలియాకు ఒళ్లు మండేది. ఫెస్టీ మాత్రం కిటికీ తెర వేసేసి, పోనీలే, ఆయన గోడ దగ్గర ఆయనున్నాడు అనేవాడు. శనివారం రానీ, నీ సంగతి చెప్తా అనుకుంది డీలియా ఆ టోపీని చూసి. జల్లు డబ్బాలో నీళ్లు ఇంకాస్త ధారాళంగా పడ్డాయి.

శుక్రవారం మధ్యాహ్నం ఊనా తనే ఇంటికి వచ్చింది. గడపలో బూట్లు విప్పింది గానీ కుర్చీలో కూర్చోలేదు.

"డీలియా గారూ, ఓసారి రావాలి. రేపు నలుగురి ముందు చూడటం కన్నా ముందే మీరు చూస్తే మంచిది."

దిబ్బ అవతలి వాలులో, యంత్రం పెట్టని చోట, వోయ్‌టెక్ అనే పోలండు కుర్రాడు చేత్తో తవ్వుతున్నాడు. వాళ్లను చూసి లేచి దూరంగా వెళ్లాడు. పచ్చికకు జానెడు లోతులో ఒక పెద్ద చదును బండ ఉంది. మధ్యలో ఎర్రగా కమిలి ఉంది. ఒక అంచు నున్నగా అరిగి ఉంది, రోజూ ఎవరో అదే చోట పాదాలు పెట్టి చలికాచుకున్నట్టు. దానికి ఆనుకుని కూలిన గోడ అడుగువరస రాళ్లు. పక్కన పళ్లెంలో, నీలం అంచు గిన్నె పెంకులు, మట్టి పైపు ముక్క.

ఏమిటని అడగాల్సిన పనిలేకపోయింది. ఎవరికైనా తెలుస్తుంది పొయ్యి అంటే.

ఊనా నెమ్మదిగా చెప్పింది. చుట్టూరా బాడవ, నీళ్లు నిలవని చోటు ఈ రాళ్ల దిబ్బ ఒక్కటే, కడుపేదవాళ్లు ఇల్లు కట్టుకోవాలంటే ఇక్కడే కట్టుకుంటారు. గిన్నె పెంకులు నూటయాభై ఏళ్లనాటివి అయ్యుండొచ్చు. గోడలు తోసేసినట్టున్నాయి. నేలమీద గానీ రాళ్లమీద గానీ ఇల్లు కాలిన జాడ మాత్రం లేదు. పొయ్యిలో మంట తప్ప ఇక్కడ మంట లేదు.

"నివేదికలో రాయాలి నేను. రాస్తాను. కానీ రేపొచ్చేవాళ్లు తొట్టి చూడ్డానికొస్తారు. దీన్ని టార్పాలిను కప్పి ఉంచినా ఎవరూ అడగరు. మొన్నటిదాకా మీ నేల కాబట్టి మీకు ముందు చెప్పాలనిపించింది."

డీలియా వెనుదిరిగింది. ఇంటికి వచ్చి, శనివారం ఆ పాతకాలపు పద్ధతిలో ఉడికించి చూపించడానికి తను ఇస్తానన్న పందిమాంసపు తొడను ఉప్పునీళ్లలోంచి తీసి తుడుస్తూ కూర్చుంది. ఏటా ఫెస్టీ బాడవలో తుంగ కోసేవాడు. ఆ దిబ్బ చుట్టూ కోసి, దిబ్బను మాత్రం వదిలేసేవాడు. అక్కడ మళ్లీ కాలవ తీస్తే పొలం బాగుపడుతుందని ఆమె ఎన్నోసార్లు పోరింది. వినలేదు. బద్ధకమనుకుంది. తప్పు చేసినవాళ్లు కనుకే ముట్టరని ఊరంది. ఇప్పుడు ఆ మాంసం తొడ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అర్థమైంది, ఫెస్టీకి తెలుసు. తాత చెప్పాడో, చిన్నప్పుడు తనే గడ్డికింద ఆ బండను చూశాడో, తెలుసు. తెలిసి, బతికినన్నాళ్లూ కట్టుకున్నదానితో సహా అందరికీ ఇల్లు లేదనే చెప్పాడు. డీలియాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కోపమో జాలో తేల్చుకోలేక రెండింటికీ కలిపి ఏడ్చింది.

శనివారం వాన తెరిపిచ్చింది. ఊరు ఊరంతా వచ్చింది, చివరికి ఫాదర్ కూడా పొలం బూట్లతో వచ్చాడు. జార్లెత్ రువాన్ కూడా వచ్చాడు. ఇప్పుడది టార్పీల నేల కాదు, ప్రభుత్వానిది, కాబట్టి అడుగుపెట్టొచ్చని సారాకొట్టు మార్టీతో అన్నాడట. గుంపుకు వెనకగా, చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

అసలు తొట్టిని తడి గోనెల కిందే ఉంచి, పక్కన దాని కొలతల్లోనే గొయ్యి తీసి పలకలు పరిచారు తవ్వేవాళ్లు. నీళ్లు వాటంతటవే ఊరాయి. పొద్దుటి నుంచి మండుతున్న మంటలోంచి వోయ్‌టెక్ పొడవాటి గడ్డపారతో రాళ్లను దొర్లించి నీళ్లలోకి తోశాడు. ఒక్కో రాయి పడగానే నీళ్లు బుసకొట్టి, తెల్లటి ఆవిరి లేచి, లోపల రాయి ఠప్పుమని పగిలేది. పిల్లలు ప్రతి చప్పుడుకూ కేరింతలు కొట్టారు. కాసేపటికి మధ్యలో బుడగలు వచ్చాయి. మరికాసేపటికి తొట్టంతా కుతకుతలాడింది. గడ్డిలో చుట్టి తాడు కట్టిన మాంసం తొడను డీలియా స్వయంగా దించింది.

అప్పుడు ఊనా ఒక రాతిబండ మీద నిలబడి, మాట ఇచ్చినట్టే గట్టిగా, వెనకవాళ్లకు కూడా వినపడేలా చెప్పింది. ఈ మసి ఏ ఇల్లు కాలినదీ కాదు. ఎవరూ ఎవరింటికీ నిప్పుపెట్టింది కాదు. ఇలాగే నీళ్లు మరిగించుకున్న జనం వదిలిపెట్టింది, నాలుగువేల ఏళ్లనాటిది.

జనంలో గుసగుస లేచింది. తలలు ఒక్కొక్కటే డీలియా వైపు తిరిగాయి. పోస్టాఫీసు ఆవిడ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది. జీవితమంతా దేనికోసం ఎదురుచూసిందో అది ఇదే. తరవాత ఆ తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"అయితే జార్లెత్," అన్నాడు మార్టీ, "మీ ముత్తాతకి నాలుగువేల ఏళ్లన్నమాట. పింఛనైనా తీసుకున్నాడా పాపం?"

గుంపంతా ఘొల్లుమంది. ఫాదర్ కూడా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. జార్లెత్ ముఖం చెవులదాకా ఎర్రబడింది. ఏటేటా తను టోపీ తీసి దండం పెట్టింది ఎవరో వంట చేసుకుని పారేసిన రాళ్లకని ఊరందరి ముందూ తేలిపోయింది. నవ్వడానికి ప్రయత్నించాడు. కుదరక, తిరిగి నడవబోయాడు.

డీలియాకు ఆ నవ్వు తెలుసు. చర్చి మెట్ల దగ్గర ఫెస్టీ వెళ్లగానే వెనక మళ్లీ మొదలయ్యే నవ్వే అది. నిన్నటిదాకా టార్పీల మీద, ఈ రోజు రువాన్ల మీద. మనుషులు మారారు గానీ నవ్వేవాళ్లు వాళ్లే. తను గెలిచింది ఈ నవ్వునా అనుకుంది.

"జార్లెత్ రువాన్, ఆగండి," అంది.

ఇన్నేళ్లలో ఆ రెండిళ్ల మధ్య పుట్టిన మొదటి మాట అది. నవ్వు సద్దుమణిగింది. అతను ఆగాడు గానీ ఇటు తిరగలేదు.

"మీ ఇల్లు అక్కడ కాదు. ఇటుంది. రండి."

ఆమె ఎవరికోసమూ చూడకుండా దిబ్బ చుట్టూ నడిచి అవతలి వాలుకు వెళ్లింది. టార్పాలిను మీద అదుముకు పెట్టిన రాళ్లను కాలితో తోసేసి, తనే లాగేసింది. వెనకాల అడుగుల చప్పుడు వినిపించింది, ఒక మనిషిది ముందు, తరవాత గుంపుది.

జార్లెత్ బండను చూశాడు. చాలాసేపు చూశాడు. టోపీ తీసి, కష్టంగా మోకాళ్లు మడిచి కిందికి వంగి, అరిగిన అంచు మీద అరచెయ్యి పెట్టాడు.

"కాలలేదే ఇది," అన్నాడు.

"లేదు. తోసేశారు. కాల్చలేదు." డీలియా గుంపు వైపు తిరిగింది. "కానీ ఇల్లుంది. ఇక్కడ ఇల్లే లేదని మా మామగారన్నారు, మా ఆయనా అన్నాడు, నేనూ అన్నాను. అది అబద్ధం. వింటున్నావా మార్టీ? రేపు కొట్లో ఇది కూడా చెప్పు."

మార్టీ తన బూట్ల వైపు చూసుకున్నాడు. జార్లెత్ నేల మీంచే అన్నాడు.

"మావాళ్లు కాల్చారన్నారు. అదీ అబద్ధమే కదండీ."

తిలాపాపం తలా పిడికెడు. ఫాదర్ ఏదో మంచిమాట చెబుదామని గొంతు సవరించుకున్నాడు గానీ, మాంసం ఉడికిందని వోయ్‌టెక్ అవతలి నుంచి కేకేశాడు. జనం అటు కదిలారు. డీలియా ఒక ముక్క కోసి కాగితంలో పెట్టి తెచ్చి, ఇంకా ఆ బండ దగ్గరే ఉన్న మనిషి చేతిలో పెట్టింది. ఉప్పు ఎక్కువైందన్నాడు. ఎక్కువే అంది ఆమె.

సోమవారం ఊనా వాళ్లు అన్ని కొలతలూ బొమ్మలూ తీసుకోవడం పూర్తిచేశారు. ఓక్ పలకలు పట్నం ప్రయోగశాలకు వెళ్లిపోయాయి. పొయ్యిబండ సంగతేమిటని డీలియా అడిగితే, గిన్నె పెంకులు పెట్టెలోకి వెళ్లాలి గానీ ఇంత బండను ఎవరూ దాచరని, రోడ్డు కిందికే పోతుందని అంది ఊనా. పైవాళ్లతో ఫోనులో మాట్లాడి, తీసుకెళ్లొచ్చని చెప్పింది.

సాయంత్రం జార్లెత్ ట్రాక్టరు వెనక తొట్టి తగిలించుకుని వచ్చాడు. నలుగురు పట్టి బండను ఎక్కించారు. కింద ముందే గడ్డి పరిచాడు. వోయ్‌టెక్ వాళ్లు పనిముట్లు కడుక్కోవడానికి వెళ్లాక, డీలియా తెరిచి పట్టుకున్న గేటు దగ్గర ట్రాక్టరు ఆపాడు. ఇంజను కట్టేశాడు గానీ దిగలేదు. స్టీరింగు మీద అంటిన మట్టిని బొటనవేలితో గీకుతూ కూర్చున్నాడు.

"ఫిబ్రవరిలో వచ్చాను," అన్నాడు. "పార పట్టుకుని శ్మశానం గేటు దాకా వచ్చాను. లోపలికి రాలేకపోయా. మా నాన్న ఏమంటాడో అనిపించింది."

"మీ నాన్న పోయి ఎన్నాళ్లయింది?"

"నలభై ఏళ్లు దాటింది."

డీలియాకు తిట్టాలనిపించింది. తిడదామని నోరు తెరిచి అతని చేతుల వైపు చూసింది. గోళ్లలో మసి ఉంది. తన గోళ్లలోనూ అదే మసి, వారం నుంచి ఎంత తోమినా పోవడం లేదు.

"ఆయన గొయ్యి అయిపోయింది," అంది. "నాది మిగిలుందిగా."

జార్లెత్ ఆమెను మొదటిసారి సూటిగా చూశాడు.

"నీకన్నా పెద్దవాణ్ణి నేను డీలియా."

"తెలుసు."

"నడుం కూడా అంత బాగాలేదు."

"అయితే నేనే కాస్త తొందరపడాలి."

అతను ఆలోచించాడు. తొందరపడి ఒప్పుకునే విషయం కాదన్నట్టు, బాడవనూ ఆకాశాన్నీ ఓసారి చూసి, ఇంజను స్టార్టు చేశాడు. ఆ చప్పుడు మీంచి వినపడేలా గట్టిగా అన్నాడు.

"తొందరేం లేదు. చలికాలంలో మాత్రం వద్దు. నేల తడిసి అంచులు విరిగిపడతాయి. మే నెల అయితే శుభ్రంగా తవ్వుతా."